సంక్రాంతికి రెండు, శ్రావణానికి పదకొండు: వద్దనుకున్న కుందేళ్ళకు మంచి ఇల్లు చూడాలంటే

అమలాపురం పక్క పల్లె నుంచి అడిగారు కాబట్టి మన డెల్టా పరిస్థితులకు తగ్గట్టే చెప్తానండి. మీరు రాసిన సంగతి ఇదీ: సంక్రాంతికి పాప ముచ్చటపడిందని కుందేలు పిల్లలు రెండు కొన్నారు. అమ్మినతను రెండూ ఆడవే అన్నాడు. జూన్ మొదట్లో నాలుగు పిల్లలు, జులైలో మరో అయిదు. ఇప్పుడు పెరట్లో పదకొండున్నాయి. కొన్నిటికి చెవుల్లో, ముక్కు మీద పొక్కులు కడుతున్నాయి. వాసనకి ఇంట్లో పెద్దవాళ్ళు విసుక్కుంటున్నారు. మావయ్యగారు గోదావరి లంకలో కొబ్బరి తోటకి తీసుకెళ్ళి వదిలేద్దామంటున్నారు. ఒకాయన ఫోన్ చేసి "అన్నీ నేనే పట్టుకెళ్తా, ఫ్రీగా ఇచ్చేయండి" అన్నాడు. పాపేమో ఏడుస్తోంది. ఏం చేయాలని మీ ప్రశ్న.

ఇల్లు వెతకడం తర్వాత సంగతి. ముందు ఈ రాత్రికే ఆ మగదాన్ని వేరే చోట పెట్టండి. ఆడ కుందేలు ఈనిన కొన్ని గంటల్లోనే మళ్ళీ చూలు కట్టగలదు. చూలు కాలం ముప్ఫై, ముప్ఫై రెండు రోజులు. జూన్‌లో ఒకసారి, జులైలో ఒకసారి ఈనిందంటే లెక్క సరిగ్గా సరిపోయింది, అవునా? అంటే ఇప్పుడు మూడో చూలు కూడా ఉండే ఉంటుంది. మీరు నాలుగిళ్ళు వెతికేలోపు ఇంకో అయిదారు పిల్లలు పుడితే ఈ పనికి అంతుండదు. తల్లి తన పొట్ట మీద బొచ్చు పీక్కుంటూ, నోట్లో గడ్డి పట్టుకుని మూలమూలకీ తిరుగుతుంటే ఒకటి రెండు రోజుల్లో ఈనుతుందని గుర్తు. దానికో అట్టపెట్టె, నిండా పొడి గడ్డి ఇచ్చి, ఎవరూ కదిలించకుండా చూడండి.

"మగది ఏదో మాకు తెలియదు" అన్నారు. పట్టపగలు, మంచి వెలుతురులో చూడాలి. ఒకరు కుర్చీలో కూర్చుని దాన్ని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకుని, నడుం కింద చెయ్యి ఆనించి పట్టుకోవాలి. చెవులు పట్టుకుని ఎప్పుడూ ఎత్తకండి. వెనక కాళ్ళు గాల్లో వేలాడినా అది ఒక్క తన్ను తన్నుకుంటే దాని వెన్నుపూసే విరిగిపోవచ్చు, కుందేలు ఎముకలు అంత తేలిక. తోక దగ్గర రెండు ద్వారాలు కనిపిస్తాయి. తోకకి దూరంగా, పొట్ట వైపు ఉన్నదానికి రెండు పక్కలా వేళ్ళు పెట్టి మెల్లగా నొక్కితే మగదానికి గుండ్రంగా పైకి పొడుచుకొస్తుంది, కొనలో చిన్న రంధ్రం ఉంటుంది. ఆడదానికి నిలువు గీతలా చీలిక కనిపిస్తుంది. పెద్ద మగవాటికి వృషణాలు రెండు పక్కలా తెలుస్తాయి గానీ భయపడితే వాటిని లోపలికి లాక్కుంటాయి. అందుకని కనిపించలేదు కాబట్టి ఆడదే అనుకోవద్దు. రెండు నెలల్లోపు పిల్లల్లో అనుభవం ఉన్నవాళ్ళు కూడా పొరబడతారు. సంక్రాంతికి మీకు అమ్మినతను అబద్ధం చెప్పాడో, నిజంగానే తెలియదో, ఏదైనా కావచ్చు.

జూన్ పిల్లలకి ఇప్పుడు రెండు నెలలు దాటాయి కదా. వాటిని ఇప్పుడే ఆడా మగా విడదీయడం మొదలుపెట్టండి. మూడున్నర నెలలకల్లా అన్నాచెల్లెళ్ళు, తల్లీకొడుకులు అన్న తేడా ఏమీ చూసుకోవు. మగవి మగవి కూడా నాలుగో నెల వచ్చేసరికి కొట్టుకుంటాయి, ఆ కొట్లాటలో వృషణాలు చీలిపోయేలా కరుచుకుంటాయి. జులై పిల్లల్ని మాత్రం ఎనిమిది వారాలు నిండేదాకా తల్లి నుంచి తీసి ఎవరికీ ఇవ్వొద్దు. కొనేటప్పుడు అరచేతిలో పట్టేంత చిన్నది కావాలని అడుగుతారు చూడండి, అవే ఇంటికెళ్ళిన వారంలో విరేచనాలు పట్టుకుని చచ్చిపోయేవి.

విడదీయడానికి ఖరీదైన బోన్లు అక్కర్లేదు. పళ్ళ మార్కెట్లో దొరికే పెద్ద ప్లాస్టిక్ క్రేట్లు రెండు కలిపి కట్టినా సరిపోతుంది, నాలుగు రోజులకి. అడుగున ఇనుప జాలీ ఒక్కటే ఉంటే పాదాలు పుళ్ళు పడతాయి, గోనె పట్టా గానీ చెక్క గానీ వేయండి.

ఇప్పుడు లంక సంగతి. మావయ్యగారిది చెడ్డ ఉద్దేశం కాదని నాకు తెలుసు. చేలో చెవులపిల్లులు తిరగడం ఆయన చిన్నప్పుడు చూసే ఉంటారు, ఇవీ అలాగే బతుకుతాయనుకుంటారు. కానీ చెవులపిల్లి వేరు, మీ పెరట్లో ఉన్నది వేరు. చెవులపిల్లి ఇక్కడి అడవి జంతువు, కళ్ళు తెరిచి బొచ్చుతోనే పుడుతుంది, పుట్టిన కాసేపటికే కదులుతుంది. దాన్ని పట్టుకోవడమే వన్యప్రాణి చట్టం కింద నేరం. మీరు కొన్నది యూరప్ కుందేలు నుంచి మనుషులు వందల ఏళ్ళుగా పెంచుకుంటూ వచ్చిన జాతి. తెల్లగా, ఎర్ర కళ్ళతో ఉండే న్యూజిలాండ్ వైట్ రకమైతే కొబ్బరి తోటలో రాత్రి పూట కూడా దూరం నుంచే కనిపిస్తుంది. ఊరకుక్కలు, ముంగిసలు, బావురుపిల్లులు, పాములు, పగలైతే కాకులు. ఒక్క రాత్రి గడవడం కష్టం. అందులోనూ ఇది శ్రావణం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి వరద పది లక్షల క్యూసెక్కులు దాటగానే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, ఆ సరికే లంకల్లోకి నీళ్ళు రావడం మొదలవుతుంది. 2022 జులై వరదకి లంకల్లో మనుషులే పడవల్లో బయటపడ్డారు, కుందేలు ఎక్కడికి పోతుంది?

చట్టం మాట కూడా చెప్పాలి. తిండి, నీళ్ళు లేక బాధపడేలా జంతువుని వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరమే. మొదటిసారి జరిమానా యాభై రూపాయలకు మించదు, అది వేరే విషయం. ఆ డబ్బుతో ఇవాళ రెండు కొబ్బరి బోండాలు కూడా రావు. కాబట్టి చట్టానికి భయపడి కాదు, ఏం జరుగుతుందో తెలిసి మానేయండి.

ఇక "అన్నీ ఫ్రీగా పట్టుకెళ్తా" అన్న ఆయన. పదకొండూ ఒకేసారి, ఆడా మగా ఏంటో అడగకుండా, వయసు అడగకుండా, జబ్బు ఉందా లేదా అని అడగకుండా కావాలన్నాడంటే అది కూరకే అయ్యుంటుంది. లేకపోతే పిల్లల్ని పెట్టించి అమ్ముకోవడానికి. మన వైపు కుందేలు మాంసం తినేవాళ్ళున్నారు, మాంసానికే పెంచే ఫారాలూ ఉన్నాయి, వాళ్ళని నేను తప్పుపట్టడం లేదు. కానీ మీ పాపకి "మంచి ఇంటికి పంపాం" అని చెప్పి అక్కడికి పంపకూడదు కదా. అందుకే నా పద్ధతి, కుందేల్ని ఎప్పుడూ ఉచితంగా ఇవ్వను. ఒక్కోదానికి ఐదు వందలో, ఆరు వందలో అడుగుతాను. ఆ డబ్బు మీకు లాభం కాదు, మందులకి, గడ్డికి అయ్యే ఖర్చులో సగం కూడా తిరిగి రాదు. మాంసానికి తీసుకెళ్ళేవాడికి ఆ ధర గిట్టదు, ఊరికే సరదాకి అడిగేవాడు వెనక్కి తగ్గుతాడు. నిజంగా పెంచుకోవాలనుకునేవాళ్ళకి ఆ డబ్బు పెద్ద లెక్క కాదు. బేరమాడితే తగ్గించండి, సున్నా మాత్రం చేయకండి.

ఎవరికిచ్చినా ముందు ఆ పొక్కుల పని చూడాలి. చెవిలోపల మొక్కజొన్న అటుకుల్లా పొరలు పొరలుగా గోధుమ రంగు పొక్కు కట్టి, కుందేలు అస్తమానం తల విదిలిస్తుంటే అది చెవి గజ్జి. ముక్కు మీద, పెదాల అంచున, గోళ్ళ చుట్టూ తెల్లటి గరుకు పొక్కు ఉంటే ఒంటి గజ్జి. రెండూ కంటికి కనపడీ కనపడనంత చిన్న పురుగుల వల్లే వస్తాయి. రెండో రకం ఎత్తుకున్న మనుషులకీ చేతుల మీద దురద దద్దుర్లు తెప్పిస్తుంది. మీ పాప మోచేతులు ఒకసారి చూడండి. ఒకదానికి వస్తే అన్నిటికీ వచ్చినట్టే లెక్క, అన్నిటికీ ఒకేసారి వైద్యం చేయించాలి. పశువుల డాక్టర్లు మామూలుగా ఐవర్‌మెక్టిన్ ఇంజక్షన్ చర్మం కింద ఇస్తారు, పది పద్నాలుగు రోజులకి మళ్ళీ ఇస్తారు. ఒక డోసుకే పొక్కు రాలిపోయిందని రెండోది మానేస్తే గుడ్లలోంచి వచ్చిన పురుగులతో మళ్ళీ మొదటికొస్తుంది. పొక్కు గిల్లకండి, దాని కింద పచ్చి పుండు ఉంటుంది. చంపాల్సినవి ఇంజక్షన్‌తోనే చస్తాయి, పొక్కు దానంతటదే ఊడిపోతుంది. మధ్యలో ఆ గోనె పట్టాలు కాల్చేసి కొత్తవి వేయండి, క్రేట్లు మరిగే నీళ్ళతో కడిగి ఎండలో పెట్టండి.

ఒక హెచ్చరిక. కుక్కలకి మెడ మీద వేసే పిడుదుల మందు కుందేలుకి వేయకండి. అందులో ఫిప్రోనిల్ ఉంటే కుందేలుకి విషం, మూర్ఛలొచ్చి పోతుంది. అలాగే మెడికల్ షాపులో అడిగి అమోక్సిసిలిన్ సిరప్ తాగించడం. మన పిల్లలకి జ్వరానికి ఇచ్చేదే కదా అనుకుంటారు. పెన్సిలిన్ జాతి మందులు నోట్లో పడితే కుందేలు పేగులో గడ్డిని అరిగించే మంచి సూక్ష్మజీవులు చచ్చిపోయి, విరేచనాలు పట్టుకుని రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది. మన పల్లె పశువైద్యశాలల్లో డాక్టర్లకి గేదెలు, ఆవులు, కోళ్ళతోనే రోజంతా సరిపోతుంది, కుందేలు అరుదుగా వస్తుంది. కాబట్టి మందు రాసినప్పుడు "ఇది కుందేలుకి నోటి ద్వారా ఇవ్వొచ్చా అండీ?" అని మర్యాదగా అడగండి. ఎవరూ ఏమీ అనుకోరు. ఇక్కడ తేలకపోతే గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, రావులపాలెం మీదుగా పొద్దున్నే బయలుదేరితే సాయంత్రానికి ఇంటికి వచ్చేయొచ్చు.

ఆపరేషన్ గురించి చాలామంది అడగరు, నేనే చెప్తాను. అన్నిటికీ చేయించే స్తోమత ఉండదు కాబట్టి ముందు మగవాటికి చేయించండి. విత్తులు తీసేయడం చిన్న పని, తొందరగా కోలుకుంటుంది, ఖర్చూ తక్కువ. ఉచ్చ చిమ్మడం, ఆ ఘాటు వాసన కూడా బాగా తగ్గిపోతాయి. మీ ఇంట్లో పెద్దవాళ్ళ విసుగు సగం దాని వల్లే. అయితే ఆపరేషన్ అయిన మర్నాడే ఆడదానితో కలపకండి, నాలుగు నుంచి ఆరు వారాలదాకా చూలు కట్టించగలదు. ఆడవాటికి ఆపరేషన్ పెద్దది, కుందేళ్ళకి మత్తు ఇచ్చి అలవాటున్న డాక్టరు దొరికితేనే చేయించండి. చేయిస్తే మంచిదే, ఎందుకంటే ఆపరేషన్ కాని ఆడ కుందేళ్ళకి మూడు నాలుగేళ్ళు దాటాక గర్భసంచిలో క్యాన్సర్ రావడం చాలా ఎక్కువ. ఇంకో మాట, ఎవరైనా "ఆపరేషన్ ముందు రాత్రి తిండి పెట్టకండి" అంటే కుక్కలకి చెప్పే మాటే అలవాటులో చెప్తున్నారని అర్థం. కుందేలుకి వాంతి రాదు, ఖాళీ కడుపుతో ఉంచితే పేగు కదలడం ఆగిపోతుంది. చివరి గంట దాకా గడ్డి ముందే ఉండాలి, మెలకువ రాగానే మళ్ళీ గడ్డి ఉండాలి.

అసలు కుందేలు అంటే పేగు. అది పన్నెండు గంటలు తినకపోతే, లేదా పెంటికలు వేయకపోతే, రేపు చూద్దాంలే అనుకోవద్దు. అప్పటికప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

తిండి విషయంలో మన డెల్టా అదృష్టం చేసుకుంది. ఏ గట్టు మీద చూసినా గరిక. గేదెలున్న ఇంట్లో సూపర్ నేపియర్ ఉంటుంది, చెరకు ఆకులా ముదిరినది కాకుండా లేత ఆకు కోసి వేయండి. రోజు తిండిలో నూటికి ఎనభై పాళ్ళు ఈ గడ్డే ఉండాలి. పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి పీచు నమిలి నమిలి అరిగించుకోవాలి. మొన్నామధ్య ఒక ఇంటి నుంచి తెచ్చినదానికి బన్ను, బిస్కెట్టు, అన్నం, తౌడు తప్ప గడ్డి రుచే తెలియదు. కింది ముందరి పళ్ళు రెండూ వంకర తిరిగి పై పెదవి లోపలికి గుచ్చుకున్నాయి. ఆకలేసి గిన్నె దగ్గరికి పరిగెత్తేది, నోరు పెట్టి మళ్ళీ వెనక్కి జరిగేది. గడ్డం కింద ఎప్పుడూ తడి. డాక్టరు పళ్ళు అరగదీశాక కూడా నెల నెలా ఆ పని చేయించాల్సి వస్తోంది, దవడ అలాగే సాగిపోయింది.

ఎండు వరిగడ్డి పడకకి బాగుంటుంది, తిండికి చాలదు. పైగా ఈ వానల్లో వామి లోపల బూజు పట్టి ఉంటుంది, దులిపితే తెల్లగా పొడి లేస్తే అది పడకకి కూడా పనికిరాదు. పిల్లిపెసర, అవిసె ఆకు ఇష్టంగా తింటాయి, అయితే అవి బలమైన మేత, గుప్పెడు చాలు. సుబాబుల్ వద్దు, అది తింటే బొచ్చు రాలిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, గట్టు గడ్డి కోసే ముందు ఆ చేను రైతుని అడగండి. గట్ల మీద గడ్డి మందు కొట్టే అలవాటు ఇప్పుడు బాగా పెరిగింది. పచ్చగా కనిపించినంత మాత్రాన మందు పడలేదని కాదు, కొట్టాక కూడా కొన్ని రోజులు పచ్చగానే ఉంటుంది. రొయ్యల చెరువుల గట్లయితే నేనసలు ముట్టుకోను. కోనసీమ కాబట్టి అరటిపండు పెట్టేవాళ్ళు ఎక్కువ. రెండు బిళ్ళలు చాలు. క్యారెట్ కూడా అంతే, బొమ్మల్లో చూసి అదే దాని అన్నం అనుకుంటారు గానీ అందులో చక్కెర ఎక్కువ.

కొత్త ఇంటికి పంపేటప్పుడు ఇక్కడ తినే గడ్డే ఒక వారానికి సరిపడా మూట కట్టి ఇవ్వండి. ఇల్లు మారిన కంగారులో మేత కూడా మారితే పేగు తట్టుకోలేదు.

ఇప్పుడు ఎవరికివ్వాలి. నేను అడిగే మొదటి ప్రశ్న, "మే నెలలో మధ్యాహ్నం పూట దీన్ని ఎక్కడ పెడతారు?" మన ఉక్కపోతలో కుందేలుకి చెమట పట్టదు, ఉన్న వేడిలో ఎక్కువ భాగం చెవుల్లోంచే బయటికి పోవాలి. ముప్ఫై డిగ్రీలు దాటితేనే ఇబ్బంది పడుతుంది, రేకుల షెడ్డు కింద నలభై అయితే కొన్ని గంటల్లోనే చచ్చిపోవచ్చు. "డాబా మీద బోను పెడతామండి" అన్నవాళ్ళకి నేను ఇవ్వను. "హాల్లో ఫ్యాన్ కింద, నేల మీద" అన్నా, "మామిడి చెట్టు కింద తాటాకు పాకలో" అన్నా సరే. కరెంటు పోతే ఏం చేస్తారని కూడా అడుగుతాను. గడ్డకట్టిన నీళ్ళ సీసాకి గుడ్డ చుట్టి పక్కన పెట్టాలని, చెవులు తడి గుడ్డతో తుడవాలని, మొత్తాన్ని చన్నీళ్ళలో ముంచకూడదని చెప్పి పంపుతాను.

రెండో ప్రశ్న, రోజూ గడ్డి ఎవరు కోస్తారు? "పిల్లలు చూసుకుంటారండి" అంటే ఆ ఇంట్లో పెద్దవాళ్ళతో మళ్ళీ మాట్లాడండి. కుందేలు ఎనిమిది, పదేళ్ళు బతుకుతుంది. ఇవాళ మూడో క్లాసు పాప అప్పటికి ఇంటర్‌లో హాస్టల్లో ఉంటుంది.

స్కూళ్ళ వాళ్ళు అడుగుతారు, ఆవరణలో చిన్న జంతుప్రదర్శనశాల లాగా పెడతామని. దసరా సెలవులకి, వేసవి సెలవులకి మేత ఎవరు వేస్తారని అడిగితే చాలామంది దగ్గర జవాబుండదు. వాచ్‌మన్ పేరు చెప్తే ఆ వాచ్‌మన్‌తోనే మాట్లాడి తేల్చుకోండి. గోదావరి ఒడ్డు రిసార్టుల వాళ్ళు కూడా ఫొటోల కోసం అడుగుతుంటారు. వచ్చిన ప్రతి పర్యాటకుడి పిల్లా వెంటపడి చెవులు పట్టుకుని లేపుతుంది, ఆ టెన్షన్‌కి తిండి మానేస్తాయి. నేనైతే ఇవ్వను. పుట్టినరోజు రిటర్న్ గిఫ్ట్‌గా అడిగినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళకి ఏం చెప్పానో ఇక్కడ రాయను. కుక్క ఉన్న ఇల్లు తప్పనిసరిగా వద్దని కాదు గానీ వేట మరిగిన కుక్కయితే వద్దు.

మంచి ఇళ్ళు ఎక్కడుంటాయంటే, నా అనుభవంలో ఇప్పటికే ఒక కుందేలు ఒంటరిగా పెంచుతున్నవాళ్ళు, రిటైరై ఇంట్లో ఉండి మొక్కలు పెంచుకునే దంపతులు, కడియం వైపు నర్సరీ కుటుంబాలు. నర్సరీల్లో మందు కొట్టని గడ్డి ఎక్కడుందో వాళ్ళకే బాగా తెలుసు, పైగా నీడ ఉంటుంది. కుందేలు పెంటికలు నేరుగా మొక్క మొదట్లో వేసినా వేరు మాడదు, అది కూడా వాళ్ళకి నచ్చుతుంది. రెండు అక్కచెల్లెళ్ళు కలిసి పడుకుని ఒకదాన్నొకటి నాకుతుంటే ఆ జంటని విడదీయకుండా ఒకే ఇంటికి ఇవ్వండి. ఒంటరి కుందేలు మనిషికి అలవాటు పడుతుందని అంటారు గానీ, మనిషి రోజంతా ఉద్యోగంలో ఉంటే అది గోడ చూస్తూ కూర్చోవాల్సిందే.

వాట్సాప్ గ్రూపులో పెట్టేటప్పుడు "క్యూట్ బన్నీస్, అర్జెంట్" అని రాయకండి. ఆడా మగా, ఎన్ని నెలలు, గజ్జికి రెండు డోసులూ ఏ తేదీల్లో పడ్డాయి, ఏం తింటుంది, కరుస్తుందా, ఎంతకి ఇస్తారు, ఇవన్నీ రాయండి. మొండిదైతే మొండిదనే రాయండి. ముద్దుగా రాసిన దానికి ఫోన్లు ఎక్కువొస్తాయి, ఉన్నదున్నట్టు రాసిన దానికి మనుషులొస్తారు. ఇంటికే రమ్మనండి, బస్సు డ్రైవరుకిచ్చి పంపించమన్నవాళ్ళకి వద్దని చెప్పండి. తీసుకెళ్ళే రోజు తెల్లవారుజామున, గాలాడే క్రేట్‌లో గోనె పట్టా మీద, నీళ్ళ గిన్నె బదులు తడి ఆకుకూర పెట్టి పంపాలి. నెల రోజుల్లోపు ఎప్పుడు వద్దనుకున్నా మీకే తిరిగివ్వాలని, ఇంకొకరికి ఇవ్వకూడదని ముందే మాట తీసుకోండి.

పదకొండింటికీ ఇళ్ళు దొరకవు, ఆ మాట కూడా ముందే చెప్పేస్తున్నాను. చిన్నవి వెళ్ళిపోతాయి, మచ్చల వాటిని ముందు అడుగుతారు, ఎర్ర కళ్ళ తెల్లవి ఆఖరికి మిగులుతాయి. మొదట కొన్న జత మీ దగ్గరే ఉంటుందనుకుని లెక్క వేసుకోండి. మగదానికి ఆపరేషన్ చేయించి, ఆరు వారాలు ఆగి, మళ్ళీ తల్లితో కలపండి. అప్పుడు ఆ రెండూ ఒకే చోట హాయిగా ఉంటాయి, వాసన బాగా తగ్గుతుంది, పిల్లలూ పుట్టవు. మావయ్యగారికి అభ్యంతరం ఉండకపోవచ్చు, పెంటికలు ఆయన కొబ్బరి చెట్లకే కదా వెళ్ళేది. మగదేదో తేలకపోతే తోక కింద భాగం దగ్గర నుంచి ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.